బలవంతంగా ఎక్కించిన డ్రైవర్

యానాం నుంచి వచ్చి ఈ అరవ ఊరి కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పుకుంటున్నవాణ్ణి. మూలకుళంలో నేను అద్దెకుంటున్న ఇంటావిడకు ముదలియార్‌పేటలో చిన్న వర్క్‌షాపు ఉంది. అక్కడ కృత్రిమ కాళ్ళు చేస్తారు. ఆవిడదీ తెలుగిల్లే. ఆమెను నేను అక్కా అంటాను, ఆమె నన్ను తంబీ అంటుంది. ఒక శనివారం పొద్దున ఫోన్ చేసి, చెక్కే మిషన్‌ని నడిపే కంప్యూటర్‌లో డిస్క్ పోయిందని చెప్పింది.

నేను వెళ్ళేసరికి ఏంబలం నుంచి వచ్చిన ఒకాయన బల్ల మీద కూర్చుని ఉన్నాడు. కుడికాలు మోకాలి కింద లేదు. పెట్టుడుకాలు విరిగిపోయింది. సోమవారం నడిచి వస్తేనే రైస్ మిల్లులో పని ఇస్తామన్నారట. ఆ సాయంత్రంలోగా మిషన్ మీద కాలి అచ్చు చెక్కితేనే ఆదివారానికి కాలు పూర్తవుతుందని అక్క చెప్పింది.

కొత్త డిస్క్ పెట్టి కొత్త సిస్టమ్ ఎక్కించాను. మోటార్లకు ఆజ్ఞలిచ్చే పాత కార్డు దగ్గర చిక్కొచ్చింది. దాంతో మాట్లాడే డ్రైవర్ అనే ప్రోగ్రాం కెర్నెల్‌లో ఉంది గానీ, ఈ కార్డు నాకు తెలిసినది కాదు, ముట్టుకోనని మొండికేసింది. కెర్నెల్ అంటే సిస్టమ్ మొత్తానికీ పై అధికారి. దాని లోపలికి వెళ్ళిన డ్రైవర్ తప్పు చేస్తే ఆపే దిక్కుండదు. అందుకే ముందు మోటార్ల కరెంటు తీసేసి, డ్రైవర్‌ని చేత్తో ఒకసారి ఎక్కించి, అదేం చెబుతుందో చదవాలి. అంతా కుదిరాకే తనంతట తాను ఎక్కేలా రాయాలి. ఈ శ్రీరంగనీతులు ఏటా పిల్లలకు చెప్పేది నేనే.

కానీ ఆయన గడియారం చూస్తున్నాడు, నాకు ఓపిక తక్కువ. ‘ఫోర్స్’ అని ఒక్క మాట చేర్చితే డ్రైవర్ తనిఖీ మానేస్తుంది. చేర్చాను. అది చాలదన్నట్టు, కంప్యూటర్ లేవగానే ఎక్కేలా కూడా రాసేశాను. మోటార్ల కరెంటు తియ్యనేలేదు.

అక్క దగ్గర ఒక కట్టుబాటు ఉంది. ఏ రిపేరు తర్వాతైనా మొదటి పరుగు కత్తి లేకుండానే. కత్తి విప్పి, మందపాటి గుడ్డలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటుంది. టైం లేదు, కత్తి బిగించమని విసుక్కున్నాను.

“నీ కంప్యూటర్ సంగతి నాకు తెలవదు తంబీ. ఒకతూరి ఒట్టిగా తిరగనీ,” అంది.

సరే కానిమ్మని కంప్యూటర్ ఆపి మళ్ళీ ఆన్ చేశాను. ఈలోగా ఏంబలం ఆయన తన అచ్చుకు పెట్టిన దిమ్మె చూద్దామని లేచి, ఊతకు మిషన్ బల్ల పట్టుకుని నిలబడ్డాడు. నేను చూశాను. చూసీ ఏమీ అనలేదు.

తెర మీద ఇంకా అక్షరాలు పరిగెడుతుండగానే మిషన్ చెయ్యి ఒక్కసారిగా కిందికి దిగింది. కత్తి లేని మూతి గిర్రున తిరుగుతూ ఆయన వేళ్ళ మీదికి వచ్చింది. కత్తి పొడవంత ఎడంలో ఆగింది. అదీ అక్క మిషన్ ఆపే ఎర్ర బటన్ గుద్దబట్టే.

నా మాట విని కత్తి బిగించి ఉంటే, కాలు కోసం వచ్చిన మనిషి చెయ్యి తీసేసేవాణ్ణి. ఆయన మాత్రం మిషన్లంటే ఇంతే అనుకున్నట్టు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

“ఏంది తంబీ, కార్డు పోయిందా?” అని అడిగింది అక్క.

అవునంటే నమ్మేసేది. అనాలనీ అనిపించింది. “కాదక్కా. అది వద్దంటున్నా నేనే బలవంతంగా ఎక్కించాను,” అన్నాను. ఆమె భూతద్దం తెచ్చి నా ముందు పెట్టింది.

కార్డు బయటికి తీసి, దాని మీద అరిగిపోయిన నంబర్లు భూతద్దం పెట్టి చదివాను. చిప్ డ్రైవర్‌కు తెలిసినదే, తీగలు కలిపిన వరస వేరు. డ్రైవర్‌లో ఆ వరస సరిచేసి, ఫోర్స్ తీసేసి, మోటార్ల ప్లగ్ పీకి, చేత్తో ఎక్కించాను. తెర మీద అది చెప్పిన ప్రతి వరుసా రెండుసార్లు చదివాకే ప్లగ్ మళ్ళీ పెట్టాను. ఒట్టి పరుగు సాఫీగా సాగాకే అక్క కత్తి బిగించింది.

అచ్చు చెక్కుతుంటే ఆయన మళ్ళీ లేచాడు. ఈసారి పరుగెత్తి నా భుజం ఇచ్చాను. ఆయనకు తెలుగు రాదు, ఇందాక మేం ఏం మాట్లాడుకున్నామో తెలియదు. నా భుజం వణుకుతోందని మాత్రం తెలిసింది, జ్వరమా అని అరవంలో అడిగాడు. నా వచ్చీరాని అరవంలో జరిగింది జరిగినట్టు చెప్పేశాను.

ఆయన తన వేళ్ళకేసి చూసుకున్నాడు. తర్వాత నా భుజం మీంచి చెయ్యి తీసి గోడ పట్టుకున్నాడు. అచ్చు పూర్తయ్యేదాకా ఆ గోడ పట్టుకునే నిలబడ్డాడు.