ఐస్‌లాండ్‌కు ఎండు రొట్టెలు

సంగనకల్లులో పాతకాలపు రాతి పనిముట్లు వెతకడానికి వచ్చిపోయిన ఐస్‌లాండ్ దొర, తనకు సాయం చేసిన భీమప్పకు, తన దేశంలో ఒక నెల ఉండి పొమ్మని విమానం టికెట్ పంపించాడు. తిండి ఖర్చు మాత్రం భీమప్పదే. అక్కడ ఒక పూట భోజనానికి ఇక్కడి వారం కూలి పోతుందని భీమప్ప విన్నాడు. నెలకు సరిపడా ఎండు జొన్నరొట్టెలు, కారప్పొడి మూటగట్టి కిరాణాకొట్టు తక్కెడలో పెట్టాడు. పద్దెనిమిది కేజీలు! విమానంలో ఇరవైకి మించి ఒప్పుకోరు.

"కంబళి, స్వెట్టర్లు యాడ పెట్టేది? రొట్టెలు తగ్గిస్తే ఆకలికి సస్తా, కంబళి వదిలితే చలికి సస్తా!"

"కంబళి కప్పుకోని పో. రొట్టెలు కప్పుకోలేవు గదా," అంది పెండ్లాం మారెక్క.

మే నెల ఎండలో రెండు స్వెట్టర్లు, పైన కంబళితో భీమప్ప బళ్లారి బస్సెక్కాడు. చెమట కారుతున్నా తుడుచుకోలేదు. రెండు చేతులూ మూట మీదే ఉన్నాయి.

"డ్రైవరప్పా, గుంతల్లో మెల్లగ పో! నా నెల తిండి ఇరిగిపోతాండాది!"