చెనక్కాయలు ఒలిచే పంచలో నా చదువు

ఈమధ్య మా మనవరాలి బడిలో తల్లిదండ్రుల సమావేశానికి నేను వెళ్ళవలసి వచ్చింది. మా అమ్మాయికి ఆఫీసులో సెలవు దొరకలేదు, అల్లుడు సూళ్లూరుపేట దగ్గర ఫ్యాక్టరీలో పనిచేస్తూ వారానికొకసారి ఇంటి ముఖం చూస్తాడు, కాబట్టి తిరుపతి ఎండలో ఆటో ఎక్కి నేనే పోయి, చిన్నపిల్లల బెంచీలో మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాను. పిల్లలకు మంచి చదువు అలవాట్లు ఎలా నేర్పాలో చెప్పడానికి బడివాళ్ళు ఒక అబ్బాయిని ప్రత్యేకంగా పిలిపించారు. పిల్లకు విడిగా ఒక గది ఉండాలట, గదికి తలుపు ఉండాలట, తలుపు అవతల నిశ్శబ్దం ఉండాలట, చదువుకునే వేళ ఎవరూ పలకరించకూడదట. ఉద్యోగమంతా సర్కారు హైస్కూళ్ళలో సాంఘికశాస్త్రం చెప్పి రిటైరయిన నాకు ఆ కుర్రవాడు ఇదంతా తెర మీద బొమ్మలు వేసి వివరిస్తుంటే, తాతకు దగ్గులు నేర్పడమంటే ఇదే గదా అనుకున్నాను. అంతటితో ఊరుకున్నా బాగుండేది. ఇంటికొచ్చి అమ్మాయికి అంతా పూస గుచ్చినట్టు చెప్పాను.

మరునాటి నుంచి మా ఇంట్లో అందరికీ మౌనవ్రతం మొదలైంది. సాయంత్రం పిల్ల గదిలోకి పోయి తలుపేసుకున్నాక టీవీ పెట్టకూడదు, మిక్సీ తిప్పకూడదు, కుక్కరు కూతపెట్టకూడదు, నాకు దగ్గొస్తే బాల్కనీలోకి పోయి దగ్గుకుని రావాలి. పక్క ఫ్లాటులో పోపు వేస్తే ఆ చప్పుడుకు కూడా మా అమ్మాయి మొహం చిట్లిస్తుంది. ఇంత కట్టడి చేసి సాధించిందేమయ్యా అంటే, నేను పాలగ్లాసు తీసుకుని లోపలికి పోయినప్పుడు ఏ పేజీ తెరిచి ఉందో, ఖాళీ గ్లాసు తీసుకోవడానికి పోయినప్పుడూ అదే పేజీ. పిల్ల మొద్దు కాదు. కళ్ళు పుస్తకం మీదనే ఉంటాయి, మనసు ఎక్కడుందో దానికే తెలియదు. ఏం చదివినావమ్మా అంటే తెల్లమొహం వేస్తుంది. అర్ధ సంవత్సరం పరీక్షల్లో మార్కులు పెరగకపోతే నాయుడుపేట అవతల ఉన్న హాస్టలు బడిలో వేసేస్తామని తల్లీతండ్రీ దానికి చెప్పేశారు. ఒకరోజు నేను జడ వేస్తుండగా, ఆ హాస్టల్లో అవ్వల్ని కూడా ఉండనిస్తారా అని అడిగింది.

నిశ్శబ్దం అన్న మాట వింటేనే నాకు మా నాయన గుర్తొస్తాడు. మాది వడమాలపేట దగ్గర చిన్న పల్లె. నాయన అయిదో తరగతితో ఆపేసిన మనిషి, అందుకేనేమో చదువంటే ఆయనకు దేవుడితో సమానం, దేవుడి ముందర మాట్లాడకూడదు గనక చదువు ముందర కూడా ఎవరూ మాట్లాడకూడదని ఆయన తీర్మానం. నోరు మూసుకుని గోడ వైపు తిరిగి చదివేదే చదువు, పైకి చదివితే తెలివంతా గాలికి పోతుందనేవాడు. గింజలు దాచే గదిలో నాకొక చాప పరిచి, తలుపు దగ్గరగా వేసి, తాను అరుగు మీద కాపలా కూర్చునేవాడు. లోపల నేను మూటకు ఆనుకుని హాయిగా నిద్రపోయేదాన్ని. బయటికి చప్పుడు రావటం లేదు గదా అని ఆయన సంతోషపడేవాడు.

అయితే బడులు తెరిచే కాలమూ, విత్తనానికి చెనక్కాయలు ఒలిచే కాలమూ మా పక్క ఒకటే. మా తరం వాళ్ళకు చెప్పనక్కరలేదు, ఇప్పటివాళ్ళ కోసం చెబుతున్నాను. మిషను పట్టిస్తే గింజ మీద పొర చిట్లి మొలక సరిగా రాదని, విత్తనం వేరుశనక్కాయలన్నీ చేత్తోనే ఒలిపించేవాళ్ళు. నా చదువుగది మూటలతో నిండిపోయేది, పంచలో ఊరి ఆడవాళ్ళు వరసగా కూర్చుని టపటపా కాయలు చిట్లగొడుతూ ఉండేవాళ్ళు, నాకు కాలు పెట్టే చోటు కూడా ఉండేది కాదు. ఆ ఒలుపుడంతా చూసుకునేది మా పెద్దమ్మ, అంటే నాయన అన్నగారి భార్య. ఆమెకు అక్షరం ముక్క రాదు, అయినా ఆమె మాటకు నాయన కూడా జంకేవాడు. ఆమే నన్ను పిలిచి, తన పక్కన ఇంత చోటు చేసి కూర్చోబెట్టి, మాకూ వినపడేటట్టు చదవమంది.

పుత్తూరు బడిలో నేను అప్పుడు ఏడో తరగతి. ఆ ఏడు పరీక్ష తప్పితే ఆడపిల్లకు ఇక బడి లేదని, నేనూ కాయలు ఒలవటానికి కూర్చోవలసిందేనని నాయన ముందే చెప్పేశాడు. ఆ భయంతోనే గబగబా ఏకరువు పెట్టటం మొదలుపెట్టాను. పెద్దమ్మ ఒప్పుకోలేదు. నీకే తెలియకుండా చదివితే మాకెట్లా తెలుస్తుంది, తెలిసేటట్టు చెప్పమని అడ్డం తగిలింది. ఆకులు ఎండలో తమ అన్నం తామే వండుకుంటాయని చెబితే, మరి రాత్రి పస్తేనా అని ఒకామె అడిగింది. మరునాడు బడిలో అయ్యవారిని అడిగి తెలుసుకుని, సాయంత్రం బస్సు దిగి పరుగున వచ్చి చెప్పాను. రోజూ ఇదే తంతు. ఆ ఆడవాళ్ళను తృప్తిపరచటం కంటే పరీక్ష రాయటమే సులభమనిపించేది, ఒక్కోసారి నాకు ఏడుపు కూడా వచ్చేది.

ఒకనాడు ఒక సుల్తాను ఢిల్లీ నుంచి రాజధానిని దక్షిణాదికి మార్చి, జనాన్నంతా అక్కడికి తరలించిన పాఠం చదివాను. పంచలో అందరి చేతులూ ఆగిపోయాయి. ముసలివాళ్ళను ఎట్లా తీసుకుపోయినాడు, బాలింతల సంగతేమిటి, గొడ్లకు దారిలో మేత ఎవరిచ్చారు, అంతమందిని కదిలిస్తుంటే వద్దని చెప్పేవాడు ఆ కొలువులో ఒక్కడూ లేడా అని నన్ను నిలదీశారు. మళ్ళీ కొన్నేళ్ళకే అందరినీ వెనక్కి పొమ్మన్నాడని చెప్పేసరికి వాళ్ళ కోపానికి అంతులేకపోయింది, అందులో ఒకామె సుల్తానును తిడుతూ తిడుతూ గింజలను పొట్టులోకీ పొట్టును గింజల చేటలోకీ వేస్తూ పోయింది. ఆ పొట్టు తట్టకెత్తి గొడ్ల దగ్గర పోసేదాకా ఎవరమూ గమనించలేదు. మా ఎద్దు విత్తనపు గింజలు తృప్తిగా నములుతుంటే చూసిన నాయన కేకలు ఊరంతా వినిపించాయి. ఇక పంచలో చదివితే కాళ్ళు విరగ్గొడతానని నన్ను అటకెక్కించాడు.

అటక మీద మహా నిశ్శబ్దంగా ఉండేది. నేను మళ్ళీ నిద్రలో పడ్డాను, కింద ఆడవాళ్ళకూ పని సాగలేదు. పొద్దుగూకులు ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ ఏం ఒలుస్తామని, ఒకరి తర్వాత ఒకరు వేరే ఇళ్ళకు ఒలవటానికి పోసాగారు. వానలు దగ్గరపడుతున్నాయి, మూటలు అట్లాగే ఉన్నాయి, నాయన తల పట్టుకుని కూర్చున్నాడు. అప్పుడు పెద్దమ్మ వచ్చి నిదానంగా అన్న మాట నాకిప్పటికీ చెవుల్లో ఉంది.

"గోడకు సెప్తే గోడేమన్నా అడగతాదా అప్పా? మేం అడగతాం. ఆ బిడ్డను కిందికి దిగనీ."

నాయన గొణుక్కుంటూనే నిచ్చెన వేశాడు. ఆ తర్వాత ఒలుపుడు కాలం అయిపోయినా సాయంత్రాలు ఎవరో ఒకరు వచ్చి, ఈరోజు ఏం చెప్పినారు పాపా అని కూర్చునేవాళ్ళు. ఆ ఏడు నేను తప్పలేదు, ఆ తర్వాత కూడా ఎప్పుడూ తప్పలేదు, చివరికి పంతులమ్మనయ్యాను.

ఇదంతా తలుచుకుని, మా మనవరాలికీ అదే వైద్యం చేద్దామనుకున్నాను. పల్లె నుంచి ఒక సంచి చెనక్కాయలు తెప్పించి, హాల్లో పాత దుప్పటి పరిచి కూర్చున్నాను. దుమ్ము దుమ్ము అని అమ్మాయి సణిగింది, పిల్ల మాత్రం ఎగిరి గంతేసి పుస్తకం తెచ్చుకుని నా పక్కన చేరింది. పైకి చదవటం మొదలుపెట్టింది, నేను ఒక పదం పలకటం సరిదిద్దాను. ఇంకొంచెం చదివింది, అది వదిలేసిన ముక్క నేను అందించాను. ఇట్లా ఎందుకు జరిగిందంటే అని అది ఆలోచించుకునే లోపలే కారణం నేను చెప్పేశాను. ఏం చేసేది, జన్మంతా చేసిన పని, నోరు ఆగదు. మరునాడు పట్టుదలగా నోరు కట్టుకుని ఏమీ తెలియనట్టు నటించాను. పిల్లలు ఇట్టే కనిపెట్టేస్తారు. ఊరికే అడుగుతా ఉండావు గదా అవ్వా అని నవ్వి, మూడోనాటికి మళ్ళీ గదిలోకి పోయి తలుపేసుకుంది.

పోనీ ఇంకెవరినైనా కూర్చోబెడదామంటే, మా అపార్టుమెంటులో పాఠం తెలియని ఆడమనిషి ఒక్కతె కూడా కనిపించదు. పక్కింటావిడ ఎమ్మెస్సీ, ఆమె కొడుక్కు ఆమే ట్యూషను. పని చేసే అమ్మాయి డిగ్రీ పాసయింది, ఆమె కొడుకూ మా పిల్లలాగే ఎనిమిదో తరగతి, చీపురు పక్కన పెట్టి మా పిల్లను ప్రశ్నలడిగి, మావాడికి ఇవన్నీ వచ్చునమ్మా అని చెప్పి పోయింది. అందరూ పరీక్షించేవాళ్ళే. తెలుసుకుందామని అడిగే మనిషి కావాలంటే ఎక్కడ వెతకను?

పరీక్షలు వచ్చాయి, మార్కులు పెరగలేదు. మా అమ్మాయి ఏడుస్తూనే ట్రంకుపెట్టె సర్దింది, అల్లుడు సెలవు పెట్టి వచ్చి పిల్లను కారులో తీసుకుపోయాడు. ఆ హాస్టల్లో చదువుకునే హాలు చాలా పెద్దదట, అంతమంది పిల్లలున్నా ఆకు రాలినా వినిపించేంత నిశ్శబ్దంగా ఉంటుందని అల్లుడు వచ్చి గొప్పగా చెప్పాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

మా పంచలో కూర్చున్న ఆడవాళ్ళకు అక్షరం రాకపోవటమే మంచిదని నేననటం లేదు. వాళ్ళ బిడ్డలను పట్టుకొచ్చి బెంచీల మీద కూర్చోబెట్టటానికే నా ఉద్యోగమంతా సరిపోయింది, అందరూ చదువుకున్నందుకు నాకు సంతోషమే. కానీ అందరం చదువుకున్నాక, ఒక పిల్ల నోరు తెరిచి చెబుతుంటే చేతిలో పని ఆపి వినే మనిషి ఇంట్లో లేకుండా పోతుందని మేమెవరమూ అనుకోలేదు. వాళ్ళ బిడ్డలకు చదువు చెప్పించాలని అంత ఆరాటపడినవాళ్ళం, ఆ ఆడవాళ్ళ దగ్గరున్నది ఏమిటో ఒక్కనాడైనా చూసుకోలేదు.

ఆదివారాలు పిల్లకు ఫోను ఇస్తారు. పోయినవారం తల్లితో మాట్లాడాక నాకిచ్చింది. తిన్నావా, నిద్రపోతున్నావా అని అడిగాక, ఈ వారం ఏం పాఠం చెప్పినారే అన్నాను. పాఠం పేరు చెప్పి, నీకు తెలిసిందే కదవ్వా అంది. తెలియదు, నువ్వే చెప్పు అందామని నోరు తెరిచేలోగా వెనక ఇంకో పిల్ల తొందరపెట్టింది, ఉంటానవ్వా అని ఫోను పెట్టేసింది. నాకు తెలిసిన పాఠమే, ఎన్ని తరగతులకో చెప్పాను. ఆ పిల్ల నోట మాత్రం ఇంకా వినలేదు.