హైవే మీద కార్ల బారు

మా పెద్ద తోటికోడలు పోయారని చోడవరం నుంచి ఫోను వచ్చింది. మా ఆయన రిసీవరు పెట్టేసి, చాలాసేపు గోడకేసి చూస్తూ కూర్చున్నారు. నేను పోయినా ఈ మనిషి ఇలాగే కూర్చుంటారా అనిపించింది ముందు. ఏడుపు తర్వాత వచ్చింది. ఆవిడ ఉన్నప్పుడూ నాకు అంతే, ముందు అసూయ, దాని వెనకే ప్రేమ.

మా అత్తగారు కూర దించేముందు రుచి చూడమని ఆవిడకే ఇచ్చేవారు. గోవాడ ఫ్యాక్టరీకి పోయే చెరకు బళ్ళని చూసి, అవి ఎంతసేపట్లో చేరతాయో ఆవిడ నోటిలెక్కతో చెప్పేవారు. ఇద్దరు కొడుకుల తల్లి, అయినా మా అమ్మాయి, నా గుంట, పడుకునేది ఆవిడ పక్కలోనే.

తొంభై మూడో, నాలుగో. మా అమ్మాయికి జ్వరం పెరిగి ఫిట్స్ వచ్చాయి. విశాఖపట్నం తీసుకుపొమ్మన్నారు డాక్టరు. మా ఆయన జీపు తీశారు. పిలవకుండానే ఆవిడ ఎక్కి కూర్చున్నారు. అనకాపల్లి దాటాక హైవే మీద ఇంజను వేడెక్కింది. మా ఆయన నీళ్ళు పోస్తుంటే, ఏదో కార్ల క్లబ్బు వాళ్ళ పాత కార్లు జెండాలు కట్టుకుని, ఒకదాని వెనక ఒకటి మమ్మల్ని దాటి పోయాయి. ఆవిడ చేతి గడియారం చూసుకుంటున్నారు. పిల్ల ఇలా ఉంటే గడియారమేమిటని నాకు ఒళ్ళు మండింది.

ఇంజను చల్లారి బయల్దేరాక, కాసేపటికి ఆ బారు చివరికి చేరుకున్నాం. వాటి వెనక జీపు స్పీడు మీటరు ముప్పై దగ్గరే ఉండిపోయింది.

"దాటించీండి," అన్నాను. మా ఆయన కుడికి తిప్పబోయారు.

"ఆగు బాబూ," అన్నారావిడ. "మొదటి కారు నుంచి ఆఖరి కారు దాకా మనల్ని దాటడానికి రెండు నిమిషాలు పట్టింది. ముప్పై స్పీడులో పోతన్నాయి. అంటే బారు కిలోమీటరు ఉంటాది. నువ్వు అరవైలో పోయినా దాటడానికి మళ్ళీ రెండు నిమిషాలు. అంతసేపూ కుడిపక్కన రెండు కిలోమీటర్లు పోవాల. ఎదర లారీ వస్తే ఎక్కడ దూరతావు?"

"నా పిల్ల అక్కా."

"నాకు మాత్రం పిల్ల కాదేటి? తొందర మన్దే గానీ, రోడ్డు మన్ది కాదు."

మా ఆయన మళ్ళీ ఎడమకి వచ్చేశారు. కన్నతల్లిని నేను చెబితే కాదు, వొదిన చెబితే విన్నారు. అంతలోనే రెండు లారీలు ఒకదాన్నొకటి తరుముకుంటూ ఎదురొచ్చాయి. ఆ గాలికి జీపు ఊగింది.

ఆవిడ మా ఆయన్ని హారను ఆపకుండా కొట్టమని, తను జీపులోంచి నడుం దాకా బయటికి వంగి, ఆఖరి కారాయన్ని కేకేశారు. "బాబూ, పిల్లకి బాగోలేదు, దారియ్యండి."

అతను హారను కొట్టాడు. ముందతను అందుకున్నాడు. కారు తర్వాత కారు రోడ్డు దిగి మట్టిలోకి తప్పుకున్నాయి.

పిల్ల బతికింది. సమయానికి తెచ్చారన్నారు డాక్టరు. "వొదిన సెప్పబట్టే," అన్నారు మా ఆయన. ఆవిడకి దణ్ణం పెట్టాలనీ అనిపించింది, ఆ మాట ముల్లులానూ గుచ్చుకుంది. కళ్ళు తెరిచిన పిల్ల మొదట అడిగింది కూడా పెద్దమ్మనే.

ఇంజను బాగుచేయించడానికి మా ఆయన జీపుతో విశాఖపట్నంలోనే ఆగిపోతే, ఊరు తిరిగొచ్చిన సాయంత్రం మేం ముగ్గురం బస్సు దిగి ఇంటికి నడిచాం. ఎత్తుకుంటానంటే పిల్ల నా దగ్గరికి రాలేదు. ఆవిడ వేలు పట్టుకుని, చెరకు తోటల మధ్య బాటలో ముందు నడిచింది. సంచి మోసుకుంటూ నేను వెనక. నా గుంట ఒక్కసారీ వెనక్కి చూడలేదు. ఆవిడే మధ్యమధ్యలో ఆగి, నేను వస్తున్నానో లేదో చూసుకుని, మళ్ళీ కదిలేవారు.