మా ఇంట్లో మేమే కిరాయికి

నా చిన్నప్పుడు మా తాతయ్యకు ఒక్కసారే బుద్ధి మందగించింది. ఆ ఒక్కసారి చాలింది. మా ఊరు మద్దేడ్‌లో రోడ్డు పక్కన మా కిరాణా దుకాణం రెండు గదుల వెడల్పున ఉండేది. అందులో సగం అమ్మేసి, రోజంతా బస్సులో కూర్చుంటే గానీ చేరని జగదల్‌పూర్‌లో ఒక పెంకుటిల్లు కొన్నాడు. దసరాకు రథం చూడటానికీ, వానలయ్యాక జలపాతాలు చూడటానికీ జనం వస్తారట. వాళ్ళకు కిరాయికిస్తే కాలు మీద కాలేసుకుని తినొచ్చట. ఉప్పు తూచేటప్పుడు కూడా త్రాసు ముల్లు మీంచి కన్ను తీయని మనిషి, ఆ ఇంటి తాళాలు మాత్రం అక్కడుండే ఒక దోస్తు తమ్ముడి చేతిలో పెట్టి వచ్చేశాడు.

మూడేళ్ళు ఆ మనిషి నుంచి ఉత్తరాలొచ్చాయి, కిరాయి రాలేదు. ఒకసారి పెంకులెగిరాయి, ఒకసారి బావి పూడింది, జనమైతే ఆ వీధికి రావడమే మానేశారు. మరమ్మతులకు పంపి పంపి, మిగిలిన సగం దుకాణమూ బేరానికి వచ్చింది. ఎదురుకొట్టు షావుకారు వచ్చి, నవ్వుతూ గోడల కొలతలు తీసుకుపోయాడు. ఆ నవ్వు మా నాయనమ్మ కంటపడింది.

మా దుకాణదారుల్లో ఒక అలవాటుంది. పక్కవాడి అసలు ధర తెలియాలంటే, వాడు ఎరగని ముఖాన్ని కొనడానికి పంపుతాం. ఇల్లు చూసుకునే ఆ మనిషి మా ఇంట్లో తాతయ్యను తప్ప ఎవరినీ చూడలేదు. దసరా ముందర నాయనమ్మ భద్రాచలం మొక్కని తాతయ్యతో చెప్పి, నన్ను వెంటబెట్టుకుని జగదల్‌పూర్ బస్సెక్కింది.

మేం వెళ్ళేసరికి అతను మా అరుగు మీద కూర్చుని పల్లీలు తింటున్నాడు. పైన పెంకులన్నీ ఉన్నాయి. బావిలో నీళ్ళు చేతికందేలా ఉన్నాయి.

“ఇల్లు ఎవరిదయ్యా?”

“నాదేనమ్మా, మా నాయన కట్టిచ్చిండు. దసరాకు ఎప్పుడూ ఖాళీ దొరకది. మీ అదృష్టం, ముంగటి అర్ర ఒక్కటి మిగిలింది.”

“గింత అర్రకు గంత కిరాయా? ఆ గోడ చూడు, ఎట్ల పగిలిందో!”

నాయనమ్మ బేరం మొదలుపెట్టగానే నేనూ అందుకున్నాను. కిటికీ వంకర, నేల గతుకులు, బావి దూరం. మా సొంత ఇంటికి మేమే వంకలు పెట్టి కిరాయిని సగానికి దించాం. అంత బాగా బేరమాడానని తెగ మురిశాను. ఎవరి ఇంటి విలువ తగ్గించానో తట్టడానికి నాకు చాలాసేపు పట్టింది.

“రసీదు రాసియ్యి నాయనా, మా ఆయన అనుమానపు మనిషి” అంది నాయనమ్మ. అతను ఇంటి యజమానినని దర్జాగా సంతకం పెట్టిచ్చి చాయ్ తాగడానికి పోయాడు. నాయనమ్మ సంచిలోంచి మా దుకాణం తాళం తీసి వీధి తలుపుకు వేసి, అరుగు మీద చతికిలబడింది.

పొద్దు వాలకముందే, ముందుగా డబ్బు కట్టిన మూడు కుటుంబాలు పెట్టెలతో దిగాయి. అప్పటికి అతనూ తిరిగొచ్చాడు. వాళ్ళు తాళం తీయమన్నారు. “ఓనరు ఆయన. గిదిగో రసీదు. మేం కిరాయికొచ్చినోళ్ళం, మాకేం తెల్సు?” అంది నాయనమ్మ. ఇల్లు తనది కాదని అతను అనలేడు, తనదంటే తలుపు తీయాలి. “పైసా వాపస్ కరో!” అంటూ వీధంతా పోగైంది. ఒకావిడ చెప్పు కూడా తీసింది.

“అమ్మా, నీకు దండం పెడత, తాళం తీయి.”

“ముందుగాల ఇల్లు ఎవరిదో గట్టిగ చెప్పు. అందరు వినాలె.”

చెప్పాడు, తాతయ్య పేరుతో సహా. నాయనమ్మ ఆ కుటుంబాలను లోపలికి పంపి, అతని పరుపును వీధిలో వేయించింది. నేను చప్పట్లు కొట్టాను.

దసరా కాగానే తాతయ్యను రప్పించి, ఇల్లు ఆ ఊరివాళ్ళకే, కొన్నదానికన్నా తక్కువకు అమ్మేశాం. సగం దుకాణం నిలిచింది. తిరుగు బస్సులో నేను అతను దండం పెట్టిన తీరును అనుకరించి నవ్వుతుంటే నాయనమ్మ నవ్వలేదు. “వాణ్ణి తన్నినం, మంచిగైంది. పొద్దున లేస్తే కండ్లకు ఆనని ఇల్లు కొన్న మనల్ని ఎవరు తన్నాలె?” అంది.

ఇప్పుడు నాకు రోజూ ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. సముద్రం ఒడ్డున విల్లా, కొండ మీద కాటేజీ, మీరు రానక్కర్లేదు మేడమ్, కిరాయి సంగతంతా మేమే చూసుకుంటాం. నేను వెంటనే ఫోన్ పెట్టేయను. వాకిలి దిక్కు అడుగుతాను. ధర దించుతాను, మళ్ళీ దించుతాను. ఆ అబ్బాయి పైవాళ్ళను బతిమాలుకుని ఒప్పించి వచ్చాక, ఆ ఇల్లు మా వంటింటి కిటికీలోంచి కనిపిస్తుందా నాయనా అని అడిగి అప్పుడు పెట్టేస్తాను. పాపం, వాళ్ళు నాకేమీ చేయలేదు. అయినా ఆ మధ్యాహ్నం నాకు కమ్మటి నిద్ర పడుతుంది.