మూగన్న చదివిన సవరణ

మా తమ్ముడు దేశమంతటికీ రేడియో వినిపించే సంస్థకు అధిపతిగా పనిచేశాడు. చిన్నప్పుడు వాణ్ణి మూగన్న అనేవాళ్ళం. అడిగితే తప్ప నోరు విప్పేవాడు కాదు, అడిగినా సగమే విప్పేవాడు. అలాంటివాణ్ణి తీసుకెళ్ళి ప్రభుత్వం మైకు ముందు కూర్చోబెట్టింది. ప్రభుత్వం తెలివి అలాగే ఉంటుంది.

మొదట ధాన్యం ధరలు చదివాడు, తర్వాత వార్తలు. ఆ తర్వాత చదివేవాళ్ళ మీద అధికారి, చివరికి అధికారుల మీద అధికారి. పైకి వెళ్ళేకొద్దీ గది పెద్దదైంది, మాట తగ్గింది. ఆ ఆఖరి గది నేనూ చూసొచ్చాను. కుర్చీ బాగుంది. కిటికీ అద్దాలు తుడిచే దిక్కు లేదు. ఆ మాట అక్కడే అందరి ముందూ చెప్పాను.

మా ఆయన పోయాక నేను వాడింట్లోనే ఉన్నాను. అక్కడ రేడియో ఆపే హక్కు ఎవరికీ లేదు. రెండు మాటల మధ్య ఖాళీ కాస్త ఎక్కువైతే కంచం ముందు నుంచి లేచి ఆఫీసుకు ఫోన్ చేసేవాడు. "అక్కడ ఎవరైనా ఊపిరి పీల్చుకున్నా ఈయనకి చెప్పాలి వదినా" అనేది మా మరదలు.

ఒక మధ్యాహ్నం వాడు భోజనానికి ఇంటికొచ్చిన వేళ, కొత్తగా చేరిన అమ్మాయి వార్తలు చదువుతోంది. ఉద్యోగం ఖాయం కాని పిల్ల. కాగితంలో ఒక మాజీ మంత్రి ఆసుపత్రిలో చేరిన వార్త ఉంది. దాని కిందే సమాచార శాఖ మంత్రి, అంటే రేడియో మీద పెత్తనం చేసే ఆయనే, ఏదో భవనం ప్రారంభించిన వార్త. పిల్ల కన్ను జారింది. పైనున్న 'మాజీ'ని తెచ్చి ఈయనకు తగిలించింది.

ముద్ద దిగకముందే ఫోన్ మోగింది. మంత్రిగారి కార్యదర్శి. ఆయన అరుపు వంటింట్లోకి వినిపించింది.

"ఆ అమ్మాయిని సాయంత్రానికల్లా ఇంటికి పంపించెయ్యాలండీ! అప్పుడే 'అయ్యో' అంటూ ఫోన్లు. కొందరైతే సంతోషంగా కూడా చేస్తున్నారు!"

"సవరణ ఇస్తామండీ."

"సవరణ సరే, అమ్మాయి సంగతి?"

"ముందు సవరణ వినండి."

పెట్టేశాడు. నేనూరుకుంటానా?

"ఒరేయ్, ఆ పిల్ల జీతం మీదే వాళ్ళ ఇల్లు నడుస్తోందన్నావు కదరా."

"తీసెయ్యనక్కా."

"నిన్నే తీసేస్తే?"

"సవరణ నేనే చదువుతాను" అని చెయ్యి కడుక్కున్నాడు.

సాయంత్రం వార్తల్లో, ఎన్నేళ్ళకో, వాడి గొంతు వినిపించింది. "మధ్యాహ్నం వార్తల్లో సమాచార శాఖ మంత్రిగారిని మాజీ మంత్రి అన్నాం. పొరపాటుకు చింతిస్తున్నాం. ఆయన ఇంకా మాజీ కాలేదు."

 పక్కింటి దర్జీ మిషను ఆపి మరీ నవ్వాడు. మర్నాటికి బస్సుల్లో ఎవరినైనా "బాగున్నావా?" అంటే "ఇంకా మాజీ కాలేదు" అంటున్నారు. మంత్రిగారు ఆ పిల్ల ఊసే మర్చిపోయారు. కోపమంతా ఒక్క మనిషి మీదికే తిరిగింది.

"నిజం చెప్పరా మూగన్నా, ఆ 'ఇంకా' కావాలనే పెట్టావు కదూ?" అని నిలదీశాను.

"లేదక్కా. అది లేకపోతే వాక్యం మరీ పొట్టిగా ఉంది."

అబద్ధమాడితే వాడి ఎడమ చెవి ఎర్రబడుతుంది. ఎర్రబడింది.

వారం తిరక్కుండా వాణ్ణి పాత రికార్డుల గోదాముకు అధికారిగా వేశారు. ఆ బదిలీ కూడా మధ్యాహ్నం వార్తల్లోనే వచ్చింది. చదివింది ఆ అమ్మాయే. వాడి పాత పదవి, కొత్త పదవి, ఎక్కడా తడబడకుండా చదివింది. మా తమ్ముడు ముద్ద చేత్తో పట్టుకుని చివరిదాకా విన్నాడు.

"బాగా చదివింది. ఖాయం చేస్తారు" అని, తినడం మొదలుపెట్టాడు.