పట్టాల మీద గుమ్మడికాయలు

రెండు బూడిద గుమ్మడికాయలతో పొగబండినీ పెళ్లిచూపులనూ ఒకేసారి ఆపిన మొనగాణ్ణి నేను. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

కర్నూలు దగ్గర, నాపరాళ్లు తప్ప ఏమీ లేని నేల మీద మనుషులే నాటి పెంచిన అడవి ఒకటుంది. అందులో జింకలూ నెమళ్లూ, వాటిని చూడవచ్చిన జనాన్ని తిప్పడానికి పాతకాలపు ఆవిరి రైలూ ఉన్నాయి. ఆ రైలుకు నేను గార్డును. చేతిలో పచ్చజెండా, నోట్లో విజిల్, ఒంటి నిండా పొగరు.

ఆయుధపూజ నాడు డోన్ నుంచి నాగన్నగారు కూతురు సుజాతతో వచ్చారు. రైలింజన్లు నడిపి రిటైరైన మనిషి. నా పనితనం చూసి నచ్చితేనే పిల్లనిస్తానన్నారు. ఇంకేం, ఇంజనుకు దండలు వేసి, పసుపూ కుంకుమా పూసి, దిష్టి తీసి గుమ్మడికాయ ఎత్తాను.

"పక్కకు కొట్టప్పా. ముందర శానా ఎత్తుండాది, చక్రాలు జారతాయి," అన్నాడు డ్రైవరు మస్తానన్న.

"పట్టా మీద కొడితేనే దిష్టి పోతాది. నువ్వు ఊరకుండన్నా!"

ఫెడీమని కొట్టాను. రెండో పట్టా చిన్నబుచ్చుకుంటుందని దాని మీదా ఒకటి కొట్టి, దర్జాగా పచ్చజెండా ఊపాను.

ఇంజను కూత పెట్టింది. చక్రాలు గుజ్జులో గిర్రున తిరిగాయి. రైలు మాత్రం అంగుళం కదల్లేదు. ఇంతలో నాలుగు జింకలు వచ్చి, ఇంజను ముందే నిలబడి ముక్కలు తినసాగాయి.

"చక్రాలు జారకుండా చల్లేదానికి ఇంజన్లో ఇసక ఉంటాది కదా, పట్టాల మీద పోయండి," అన్నారు నాగన్నగారు పెట్టె దిగొచ్చి.

"దీపాలు పెట్టేదానికి ఆ ఇసకంతా ప్లాట్‌ఫారం మీద పోసినా మామా."

కంగారులో మామా అని కూడా అనేశాను. ఆయన నన్ను ఎగాదిగా చూశారు. సంబంధం తప్పిపోయిందని నాకు ఏడుపొచ్చింది.

సుజాత మాత్రం పడీపడీ నవ్వుతూనే దీపాల కింది ఇసుక దోసిళ్లతో తెచ్చి పట్టాల మీద చల్లింది. నేను జింకలను తోలుకుంటూ చెట్లలోకి పరిగెత్తాను. వెనక్కి తిరిగేసరికి రైలు వెళ్లిపోయింది, గార్డు లేకుండానే.

రైలు తిరిగొచ్చాక నాగన్నగారు అన్నారు: "నా బిడ్డ ఇంతగా నవ్వేది ఎప్పుడూ చూడలేదప్పా. పిల్లనిస్తా. పెండ్లిలో దిష్టి మాత్రం నువ్వు తీయొద్దు."

ఈ జన్మలో మళ్లీ గుమ్మడికాయ పగలగొట్టనని ఆ జింకల సాక్షిగా ఒట్టేసుకున్నాను. ఆ మాట మీదే ఉన్నాను. మా ఇంట్లో పగలగొట్టేది సుజాత, కడిగేది నేను.