కట్టలేటి కొంగలకు స్వాగతసభ

1974 ఆగస్టు పదకొండు, ఆదివారం. వేకువనుండి ముసురు. ముసురనగా కురవడమూ కాదు, మానడమూ కాదు. ఈ సూక్ష్మభేదాన్ని నేను ఏళ్ల తరబడి తరగతిలో బోధించాను. ఎవరూ గొడుగు మానలేదు. విషయానికి వస్తాను.

తిరువూరుకు అనతిదూరంలో, కట్టలేటి ఒడ్డున, వీరరాఘవయ్యగారికీ ఆయన తమ్ముడు బసవపున్నయ్యకూ ఉమ్మడిగా నాలుగెకరాల చిత్తడినేల ఉండేది. అంతా జమ్ము, తుంగ, నీళ్లలో నిలిచిన తుమ్మచెట్లు. ఏటా వానలకు ఆ చెట్లమీద నత్తగుల్ల కొంగలు గూళ్లు కట్టేవి. ఆ నేల పూడ్చి వరి వేద్దామని తమ్ముడు, కొంగలనేం చేద్దామని అన్న. చివరకు పెద్దమనుషులు వచ్చి, కళ్లారా చూసి, తీర్పు చెప్పేటట్లు కుదిరింది.

మరొకరైతే ఆ పెద్దలను చడీచప్పుడు లేకుండా గట్టు మీదికి నడిపించేవారు. వీరరాఘవయ్యగారు పందిరి వేయించారు; కండువాలు కొన్నారు; విస్సన్నపేటనుండి మైకుసెట్టు తెప్పించారు. మనవైపు మైకు లేని మర్యాద మర్యాద కాదు. వక్తను నేనే. కొంగజాతి ఔన్నత్యాన్ని గూర్చి, సీసపద్యంతో సహా, గంటసేపటి ప్రసంగం సిద్ధం చేసుకొని వెళ్లాను.

పెద్దలు బండ్లు దిగుతుండగా మైకు ఏసోబు “హలో, హలో” అన్నాడు. పెట్టె కీచుమంది. తుమ్మచెట్ల మీది తెలుపంతా ఒక్కసారిగా లేచి, ఏటి మీదుగా గంపలగూడెం వైపు వెళ్లిపోయింది.

“ఏంటన్నయ్యా, కండువా కప్పకముందే వెళ్లిపోయారు అతిథులు?” అన్నాడు బసవపున్నయ్య.

“వస్తాయిరా.”

“మాస్టారి ఉపన్యాసం ఉందని ఎవరో చెప్పుంటారు. ఇంక రావు.”

నేను కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాను. ఆ సీసం నేటికీ అముద్రితం.

సాయంత్రం దాకా ఒక్క కొంగ కూడా వాలలేదు. “వరి వేసుకోండి” అని పెద్దలు లేవబోయారు. అప్పుడు వీరరాఘవయ్యగారు తడిసిన పందిరిరాటను పట్టుకొని, “మెరకమీది ఉమ్మడి మామిడితోటలో నా సగం వాడికి రాసిస్తాను. ఈ బురదలో వాడి సగం నాకిమ్మనండి” అన్నారు.

బసవపున్నయ్య నవ్వు ఆగిపోయింది. “నిజంగానే అంటున్నావా అన్నయ్యా?”

“మైకులో చెప్పమంటావా?”

ఇంటికి వెళ్లాక ఆయన భార్య వెంకాయమ్మగారు, “ఇహ ఆవకాయ నత్తలతో పెడతాను లెండి” అన్నారట.

ఆ ఏడు కొంగలు తిరిగి రాలేదు. మరుసటేడూ రాలేదు. ఖాళీచెట్లను ఆయన అలాగే కాపు కాశారు. నేను బదిలీమీద వెళ్లిపోయాను. 1979లో ఆయననుండి ఉత్తరం వచ్చింది. విరామచిహ్నాలు మాత్రం నావి, పాతబుద్ధి.

“మాస్టారికి నమస్కారాలు. కిందటేడు రెండు జంటలు వచ్చాయి. ఈ ఏడు చెట్లు చాలక కొమ్మకొమ్మకీ కొట్లాడుకుంటున్నాయి. ఊళ్లో నన్ను బురదరాఘవయ్య అంటున్నారు, పలుకుతున్నాను. నిన్న తమ్ముడొచ్చి చాలాసేపు గట్టుమీద కూర్చున్నాడు. వెళ్తూ వెళ్తూ, పిల్లలు ఎప్పటికి ఎగురుతాయన్నయ్యా అని అడిగాడు. కార్తీకం దాటాలన్నాను. అప్పటిదాకా గట్టవతల తన వరిలో ఎండ్రిన్ పురుగుమందు కొట్టించనన్నాడు.”